చిన్న ఖాతాతో కరెన్సీ ట్రేడింగ్: ముందు నష్టం లెక్క, తర్వాతే లాట్ల లెక్క

తమ్ముడూ, నీలాంటి వాళ్లు ఇంకా చాలామంది చదువుతారు కాబట్టి ముందు నీ ప్రశ్నను నా మాటల్లో చెప్తాను. హనుమకొండలో ఉద్యోగం చేస్తున్నావు. చేతిలో 60,000 రూపాయలు ఉన్నాయి. టెలిగ్రామ్ గ్రూపులో ఎవరో చెప్పిన యాప్‌లో 8,000 వేసి యూరో-డాలర్ మొదలుపెట్టావు, అది 1:500 లీవరేజ్ (పెట్టినదానికి ఎన్నో రెట్లు పట్టుకునే వీలు) ఇస్తున్నది. రాత్రిపూట ఒక అమెరికా కంపెనీకి ఫ్రీలాన్స్ పని కూడా చేస్తున్నావు. 1,000 డాలర్ల బిల్లు ఒకటి ఒప్పుకున్నారు, రెండు నెలల్లో వస్తుంది. మిగిలిన పైసలు కూడా ఆ యాప్‌లోనే వేయాలా, లేకపోతే ఇక్కడి బ్రోకరు దగ్గర డాలర్-రూపాయి చేయాలా, స్టాప్‌లాస్ (ధర ఇంత ఎదురు తిరిగితే ట్రేడ్ మూసెయ్యమనే ఆర్డర్) ఎంత పెట్టాలి, నెలకు 10,000 తీయడం సాధ్యమేనా, లాట్లు (ఒకేసారి కొనే లేదా అమ్మే కనీస పరిమాణాలు) ఎప్పుడు పెంచాలి. ఇవీ నువ్వు అడిగినవి.

ఎన్‌ఎస్‌ఈలో 2008 ఆగస్టులో డాలర్-రూపాయి ఫ్యూచర్స్ (ముందు తేదీకి ఇవ్వాళే ధర ఖాయం చేసుకునే కాంట్రాక్టులు) వచ్చిన కొత్తలోనే నేను ఇక్కడ ఒక బ్రోకరు ఆఫీసులో కరెన్సీ పని చూడటం మొదలుపెట్టాను. అప్పటి నుంచి చూస్తున్నాను, చిన్న ఖాతాలు మార్కెట్ అంచనా తప్పి మునగడం తక్కువ. లాట్ల లెక్క తప్పి మునిగేవే ఎక్కువ. అందుకే ఎక్కడ కొనాలి, ఎక్కడ అమ్మాలి అన్న జోలికి ఇక్కడ పోను.

ముందు ఆ యాప్ సంగతి తేల్చుకో. స్టాప్‌లాస్ మాట దాని తర్వాతే. వెనక్కి తీసుకోవడానికి రాని పైసలకు ఏ స్టాప్‌లాసూ కాపలా కాయదు. మన దేశంలో ఉన్నవాళ్లు ఆన్‌లైన్‌లో ఫారెక్స్ లావాదేవీలు చేయాలంటే ఆర్‌బీఐ అనుమతి ఉన్న ప్లాట్‌ఫారాల మీద చేయాలి, లేదా ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ లాంటి గుర్తింపు ఉన్న ఎక్స్ఛేంజీల్లో చేయాలి. అనుమతి లేని వాటి పేర్లతో ఆర్‌బీఐ 2022 సెప్టెంబరులో ఒక హెచ్చరిక జాబితా పెట్టింది. మొదట 34 పేర్లు, తర్వాత చేరుతూనే ఉన్నాయి. మీ యాప్ పేరు ఆ జాబితాలో లేదని గ్రూపులో ఎవరో ధైర్యం చెప్పారని రాశావు. జాబితాలో లేనంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదని ఆర్‌బీఐయే చెప్పింది. బయటి దేశాల బ్రోకర్లకు మార్జిన్ (ట్రేడ్ కోసం ముందు కట్టే డిపాజిట్) కోసం పైసలు పంపడం ఎల్‌ఆర్‌ఎస్ (మనవాళ్లు బయటి దేశాలకు పైసలు పంపుకునే ఆర్‌బీఐ పథకం) కింద కూడా కుదరదు. ఫెమా (విదేశీ మారకం) చట్టం కింద ఆ మొత్తానికి మూడింతల దాకా జరిమానా వేసే అధికారం ఉంది.

మొన్న ఎండాకాలం కాజీపేట నుంచి ఒక పిల్లగాడు ఫోన్ పట్టుకొని మా ఆఫీసుకు వచ్చాడు. స్క్రీన్ మీద లాభం పచ్చగా కనబడుతున్నది. విత్‌డ్రా నొక్కితే మాత్రం 'ముందు పన్ను కట్టండి, తర్వాత మొత్తం విడుదల చేస్తాం' అని మెసేజ్ వస్తున్నది. పైసలు పంపిన యూపీఐ వివరాలు చూపించమన్నాను. ఒకసారి ఏదో కిరాణం పేరు, ఇంకోసారి ఎవరో మామూలు మనిషి పేరు, మూడోసారి ఎప్పుడూ వినని ట్రేడర్స్ పేరు. బ్రోకరుకు పైసలు పోయే దారి అట్లా ఉండదు. సెబీ (మార్కెట్ల నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉన్న బ్రోకరుకు నీ పేరు మీద ఉన్న బ్యాంకు ఖాతా నుంచే పైసలు పోవాలి, మళ్లీ నీ ఖాతాకే రావాలి. ఆ మధ్యవర్తి ఖాతాల నుంచి నీకు లాభం పేరుతో పైసలు వచ్చి పడినా ప్రమాదమే. అవి ఇంకో ఊళ్లో మోసపోయినవాళ్లవి అయితే, వాళ్ల ఫిర్యాదు మీద నీ జీతం పడే ఖాతాను కూడా ఆపేస్తారు.

కాబట్టి ఇవ్వాళే ఆ 8,000 మొత్తానికి విత్‌డ్రా పెట్టు. పన్ను, వెరిఫికేషన్, ఛార్జీ, ఏ పేరు చెప్పినా ఇంకొక్క రూపాయి కట్టకు. రాకపోతే చాట్లు, యూపీఐ రసీదులు స్క్రీన్‌షాట్లు తీసిపెట్టుకొని 1930కి ఫోన్ చెయ్, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టు. ఎంత తొందరగా చేస్తే ఆ పైసలు చేతులు మారకముందే ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఆ యాప్ నిజాయితీగా నడిచేదే అనుకున్నా, 1:500 అంటే ఏమిటో లెక్క వేసి చూడు. ఖాతాలో ఉన్నదానికి ఐదు వందల రెట్లు పట్టుకోవచ్చు. అంత పట్టుకుంటే ధర 0.2 శాతం ఎదురు తిరిగేసరికి ఖాతా ఖాళీ. యూరో 1.10 డాలర్ల దగ్గర ఉందనుకుంటే 0.2 శాతం అంటే 22 పిప్స్ (ఒక పిప్ అంటే 0.0001 డాలర్). యూరో-డాలర్‌కు అది ఒక పూట కదలిక. కొన్నిసార్లు ఒక వార్త వచ్చిన ఐదు నిమిషాల కదలిక. యూరప్‌లో చిన్న మదుపరులకు ప్రధాన కరెన్సీ జతల్లో 1:30కి మించి ఇవ్వొద్దని 2018లో ఆంక్ష పెట్టారు. అది పెట్టేటప్పుడు వాళ్ల నియంత్రణ సంస్థ చెప్పిన లెక్క ప్రకారం సీఎఫ్‌డీల్లో (సరుకు కొనకుండా ధర కదలిక మీదే చేసే ఒప్పందాల్లో) చిన్న ఖాతాల్లో 74 నుంచి 89 శాతం నష్టపోతున్నాయి. మన దగ్గర సెబీ 2024 సెప్టెంబరులో ఇచ్చిన అధ్యయనం ఈక్విటీ ఎఫ్ అండ్ ఓ (షేర్ల ఫ్యూచర్స్, ఆప్షన్స్) గురించి, కరెన్సీ గురించి కాదు. అయినా చూడు, మూడేళ్లలో విడి మదుపరుల్లో 93 శాతం నష్టపోయారు.

ఇక ఇక్కడి దారి. 2024 మే నెల నుంచి ఒక నిబంధన గట్టిగా అమల్లో ఉంది. ఎక్స్ఛేంజీలో రూపాయి ఉన్న జతలు, అంటే డాలర్-రూపాయి, యూరో-రూపాయి లాంటివి, నిజంగా ఒప్పందమైన విదేశీ చెల్లింపో రాబడో ఉన్నవాళ్లు దానికి రక్షణగా చేసుకోవడానికే. 10 కోట్ల డాలర్ల దాకా ముందుగా కాగితాలు చూపించక్కర్లేదు, కానీ ఆ రాబడో చెల్లింపో ఉండి తీరాలి. 'డిక్లరేషన్ మీద సంతకం పెడితే సరిపోతుంది, ఎవరు అడుగుతారు' అనేవాళ్లు నీకు తగులుతారు. ఆ సంతకం నీది, బాధ్యతా నీదే. ఈ నిబంధన వచ్చాక చిన్న ట్రేడర్లు చాలామంది వెళ్లిపోయారు, వ్యాపారం బాగా పలచబడింది. దూరపు నెలల కాంట్రాక్టుల్లో కొనేవాడి ధరకూ అమ్మేవాడి ధరకూ మధ్య ఎడం పెరిగింది. ఇదీ రిస్కే. లోపలికి పోవడం తేలిక, అనుకున్న ధరకు బయటికి రావడం కష్టం.

నీ విషయంలో మంచి సంగతేమిటంటే నీకు 1,000 డాలర్ల బిల్లు ఉంది. ఎన్‌ఎస్‌ఈలో డాలర్-రూపాయి ఒక లాట్ కూడా సరిగ్గా 1,000 డాలర్లే. అంటే ఒక లాట్ అమ్మిపెట్టుకుంటే నీ బిల్లు రూపాయల్లో ఎంత వస్తుందో దాదాపు ఇవ్వాళే ఖాయం చేసుకున్నట్టు. అంతకు మించి కాదు. రెండో లాట్ అమ్మినా, ఒక్క లాట్ కొన్నా, అది రక్షణ కాదు.

ఇక్కడ చిన్న ఖాతా వాళ్లు ఎక్కువగా పొరబడే చోటు ఒకటుంది, జాగ్రత్తగా చదువు. రక్షణ కోసం అమ్మిన లాట్‌కు స్టాప్‌లాస్ పెట్టకూడదు. డాలర్ 50 పైసలు పెరిగితే ఫ్యూచర్స్‌లో నీకు 500 పోతాయి, కానీ బిల్లు విలువ 500 పెరుగుతుంది. స్టాప్ తగిలి లాట్ వెళ్లిపోయిందనుకో, మర్నాడు డాలర్ పడిపోతే 500 నష్టమూ నీదే, బిల్లులో తగ్గేదీ నీదే. మరి ఇందులో రిస్క్ లేదా అంటే ఉంది, వేరే రూపంలో. ఫ్యూచర్స్ నష్టాన్ని ఎక్స్ఛేంజ్ ఏ రోజుకు ఆ రోజు నగదుగా తీసుకుంటుంది. బిల్లు లాభం మాత్రం రెండు నెలలకు వస్తుంది. ఈ మధ్యకాలంలో మార్జిన్ చాలక బ్రోకరు లాట్ కోసేస్తే రక్షణ మొత్తం పోతుంది. అందుకని మార్జిన్ పోను, ఐదారు రూపాయల కదలికను తట్టుకునేంత, అంటే లాట్‌కు 5,000 నుంచి 6,000, ఖాతాలో ఖాళీగా ఉంచాలి. నీ 60,000కి అది భారం కాదు. కాంట్రాక్టు నెల కూడా బిల్లు వచ్చే తేదీకి దగ్గరగా చూసుకో. నెల ఆఖరి పని దినానికి రెండు పని దినాల ముందే అది ముగుస్తుంది.

ఇప్పుడు స్టాప్‌లాస్, శాతాలు. సొంత అంచనా మీద చేసే ఏ ట్రేడ్‌కైనా, నీకు చట్టం అనుమతించే ఏ మార్కెట్లోనైనా లెక్క ఇదే. డాలర్-రూపాయి అంకెలు రూపాయల్లో ఉంటాయి కాబట్టి దాంతోనే చూపిస్తాను. డాలర్ 90 రూపాయలు అనుకుందాం. ఒక లాట్ విలువ 90,000. ధర పావు పైసా చొప్పున కదులుతుంది, పావు పైసాకు లాట్ మీద రెండున్నర రూపాయలు. పది పైసలకు 100. లాట్‌కు మార్జిన్ కొద్ది వేలే అడుగుతారు కాబట్టి 60,000 పెట్టి పది లాట్లు తేలిగ్గా పట్టుకోవచ్చు. అప్పుడు నీ చేతిలో ఉన్నది 60,000 ఖాతా కాదు, 9 లక్షల సరుకు. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి ఖరీదుదారును చూడు. బ్యాంకు ఎంత అప్పు ఇస్తుందో చూసుకొని బస్తాలు కొనడు. క్వింటాల్‌కు ఇంత పడిపోతే నేను తట్టుకోగలనా అని చూసుకొని కొంటాడు. నీ లెక్క కూడా ఆ వైపు నుంచే మొదలవ్వాలి.

ముందు ఒక ట్రేడ్‌లో పోతే పోయేది ఎంతో రూపాయల్లో రాసుకో. ఒక శాతం అంటే నీకు 600. తర్వాత చార్ట్ చూసి, ధర ఎక్కడికి వస్తే నీ అంచనా తప్పని ఒప్పుకోవాలో అక్కడ స్టాప్ గుర్తు పెట్టు. అది 30 పైసల దూరంలో ఉంటే లాట్‌కు 300 నష్టం, కాబట్టి రెండు లాట్లు. 50 పైసల దూరంలో ఉంటే 500, కాబట్టి ఒక్క లాట్. 80 పైసల దూరంలో ఉంటే ఒక్క లాట్‌కే 800. ఆ ట్రేడ్ నీది కాదు, వదిలెయ్యి. సగం లాట్ దొరకదు. ఇక్కడే అందరూ జారిపోతారు. 80 పైసల దగ్గర ఉండాల్సిన స్టాప్‌ను 600కి సరిపోయేలా 60 పైసలకు జరుపుతారు. మార్కెట్‌కు నీ 600తో సంబంధం లేదు. మామూలు ఊగిసలాటలోనే ఆ స్టాప్ తగిలి, ధర మళ్లీ నువ్వనుకున్న వైపే పోతుంది.

ఒక శాతం మరీ తక్కువ అనిపిస్తుంది, నాకు తెలుసు. వరసగా పది నష్టాలు వచ్చాయనుకో. ఒక శాతం చొప్పున పోతే 60,000లో ఇంకా 54,000 పైనే మిగులుతుంది. పది శాతం చొప్పున పోతే మిగిలేది 21,000 లోపే, దాన్ని మళ్లీ 60,000 చేయాలంటే 187 శాతం సంపాదించాలి. పది నష్టాలు వరసగా రావడం అరుదే, ఒప్పుకుంటాను. ఐదు మాత్రం అరుదు కాదు. సగం గెలిచి సగం ఓడే పద్ధతిలో కూడా వంద ట్రేడ్లు చేస్తే ఎక్కడో ఒకచోట ఐదు నష్టాలు వరసగా రావడానికే అవకాశం ఎక్కువ.

స్టాప్‌లాస్ పెట్టాను కదా, అంతకు మించి పోదు అనుకోవద్దు. స్టాప్ అంటే ఆ ధర వస్తే ఆర్డర్ వెయ్యమని చెప్పడమే. ఆ ధరకే ఎవరో ఒకరు కొంటారని హామీ కాదు. 2015 జనవరి 15న స్విట్జర్లాండ్ సెంట్రల్ బ్యాంకు, యూరోకు 1.20 ఫ్రాంకుల కంటే తగ్గనివ్వమని మూడేళ్లకు పైగా నిలబెట్టిన హద్దును ఒక్కసారిగా తీసేసింది. 1.20కి కాస్త కింద స్టాప్‌లు పెట్టుకున్నవాళ్లకు ఆ ధరలే దొరకలేదు. ఎక్కడో కింద తేలారు. ఖాతాలో ఉన్నదంతా పోయి, పైగా బ్రోకర్లకు బాకీ పడ్డవాళ్లున్నారు. బ్రిటన్‌లో ఒక బ్రోకరు సంస్థే దివాలా తీసింది.

మన రూపాయిలో అంత జరగదంటావా? 2013 ఆగస్టు 28న ఒక్క రోజులో రూపాయి 256 పైసలు పడి 68.80 దగ్గర ముగిసింది. ఆ రాత్రి చమురు కంపెనీలకు డాలర్లు నేరుగా ఇస్తామని ఆర్‌బీఐ ప్రకటించింది. తెల్లారి రూపాయి 225 పైసలు వెనక్కి వచ్చింది. మొదటి రోజు డాలర్ అమ్మినవాడు పోయాడు, ఆ పెరుగుదల చూసి మాపటికి కొన్నవాడు రెండో రోజు పోయాడు. పది లాట్లు పట్టుకున్నవాడికి మొదటి రోజు దెబ్బ 25,600. నీ ఖాతాలో సగానికి కాస్త తక్కువ.

మన ఎక్స్ఛేంజ్‌లో రూపాయి జతలు పొద్దున 9 నుంచి సాయంత్రం 5 దాకానే నడుస్తాయి, కానీ డాలర్‌ను కదిలించే పెద్ద వార్తలు ఎక్కువగా ఆ తర్వాతే వస్తాయి. అమెరికా ఉద్యోగాల లెక్క సాధారణంగా నెలలో మొదటి శుక్రవారం మన టైము ప్రకారం సాయంత్రం 6కో 7కో వస్తుంది. అప్పటికి మన మార్కెట్ మూసేసి గంటో రెండు గంటలో అవుతుంది, మళ్లీ తెరిచేది సోమవారం. ఫెడరల్ రిజర్వ్ వడ్డీ నిర్ణయం రాత్రి 11:30కి, చలికాలంలో 12:30కి. సోమవారం పొద్దున ధర నీ స్టాప్‌ను దాటుకొని తెరుచుకుంటే స్టాప్ చేసేదేమీ లేదు. ఆర్‌బీఐ పాలసీ మాత్రం మార్కెట్ టైములోనే, పొద్దున 10కి వస్తుంది. కాబట్టి రాత్రికి మోసుకుపోయే లాట్‌కు లెక్క వేరే ఉండాలి. స్టాప్ ఎంత దూరంలో ఉందో కాదు, ఒక రూపాయి ఎడంతో తెరుచుకుంటే ఎంత పోతుందో చూడు. లాట్‌కు 1,000. నీ హద్దు 600 అయితే ఆ రాత్రి చేతిలో ఏమీ ఉండొద్దు. స్టాప్‌ను లిమిట్ ఆర్డర్‌గా పెడుతుంటే ఆర్డర్ లేచే ట్రిగ్గర్ ధరకూ, నువ్వు ఒప్పుకునే ఆఖరి ధర అయిన లిమిట్‌కూ మధ్య జాగా ఇవ్వు. లేకపోతే ధర దాటిపోయి ఆర్డర్ అట్లాగే నిలబడి ఉంటుంది.

ఇంకో సంగతి. యూరో-డాలర్ కొని, పౌండ్-డాలర్ కొని, డాలర్-రూపాయి అమ్మి, మూడు వేర్వేరు ట్రేడ్లలో రిస్క్ పంచుకోవచ్చు కదా అని రాశావు. మూడింట్లోనూ నీ పందెం ఒక్కటే, డాలర్ పడుతుందని. మూడింటికీ కలిపి 600, ఒక్కొక్కదానికి 600 కాదు. పడుతున్నకొద్దీ ఇంకో లాట్ కలిపి సగటు తగ్గించుకునే పద్ధతి గురించి ఒక్క మాటే చెప్తాను: చిన్న ఖాతాలో ఆ పని చెయ్యకు. రోజుకు రెండు నష్టాలు వస్తే ఆ రోజుకు స్క్రీన్ మూసెయ్యి. నెలలో ఆరు శాతం, అంటే 3,600 పోతే ఆ నెలకు ఆపెయ్యి.

ఖర్చులు కూడా చూసుకో. ఆర్డర్‌కు 20 రూపాయలు తీసుకునే బ్రోకరు అనుకుందాం. కొనడానికి 20, అమ్మడానికి 20, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 47 రూపాయల 20 పైసలు. ఒక్క లాట్‌తో పది పైసల లాభం కోసం లోపలికి బయటికి తిరిగితే వచ్చే వందలో దాదాపు సగం అక్కడే పోయింది. ఇతర ఛార్జీలు, ధరల మధ్య ఎడం ఇంకా కలపలేదు. ఒక్క లాట్ ఖాతాకు రోజుకు నాలుగైదు ట్రేడ్లు కుదరవు.

నెలకు 10,000 సంగతి. 60,000 మీద అది నెలకు దాదాపు 17 శాతం, ఏడాదికి పెట్టిన దానికి రెండింతలు. ట్రేడ్‌కు 600 హద్దు పెట్టుకున్నవాడు ఆ 10,000కి చేరలేడు. చేరాలని పట్టుబడితే ముందు పోయేది ఆ 600 హద్దే. కిరాయి కట్టే తేదీ దగ్గరపడుతుంటే మంచి ట్రేడ్ కోసం ఆగడం ఎవరి వల్లా కాదు. కిరాయి జీతంలోంచి కట్టు, ఈ ఖాతాను దాని జోలికి రానివ్వకు. ఈ 60,000లో కొంత రెండు రూపాయల మిత్తికి తెచ్చిందని రాశావు, అది ఎంతో చెప్పలేదు. ఎంతైనా ముందు అది తీర్చెయ్యి. రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం, వందకు నెలకు రెండు రూపాయలు గెలిస్తేనే నువ్వు సున్నా దగ్గర ఉన్నట్టు. అప్పు తీర్చాక 40,000 మిగిలితే నీ హద్దు 400. పైన వేసిన లెక్కలన్నీ దాంతో మళ్లీ వెయ్యి.

చివరగా, లాట్లు ఎప్పుడు పెంచాలి అన్నావు. రక్షణ కోసం అయితే నీ చేతిలో ఒప్పుకున్న బిల్లులు 2,000 డాలర్లు అయినప్పుడు రెండో లాట్. ఖాతా లాభంలో ఉందా నష్టంలో ఉందా అన్నదానితో పనిలేదు. సొంత అంచనా మీద, అనుమతి ఉన్న చోట చేసేదైతే, 60 పైసల స్టాప్‌తో రెండు లాట్లు పట్టాలంటే ఖాతాలో 1,20,000 ఉండాలి. ఆ పెరుగుదల ట్రేడింగ్‌లో వచ్చిందై ఉండాలి. జీతంలోంచి తెచ్చి కలిపింది, చిట్టీ ఎత్తి వేసింది ఆ లెక్కలోకి రాదు.